కడవెండిలో

"నిజామే కాల్చాడా నాన్నా?" కడవెండిలో తెలంగాణ రైతాంగ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమురయ్య స్తూపం ముందు ఇవాళ మా అమ్మాయి అడిగింది. కాదమ్మా, ఇక్కడి దొర విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు అన్నాను. 1946 జులై 4. ఊరేగింపుగా వచ్చినవాళ్ల చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలే.

అప్పట్నుంచి అదే ఆలోచిస్తున్నా. ఆ జనంలో చాలామంది నిజాంను చూసి కూడా ఉండరు. వాళ్లకు తెలిసిన రాజ్యం దొర ఉండే గడీయే. కూలి లేని వెట్టి, లేవీ పేరుతో గింజలు ఊడ్చుకుపోవడం, పాలకుర్తిలో ఐలమ్మ పండించిన పంట మీద కూడా కన్ను. ఆ దొరల వెనక ఉన్నది నిజామేనని పోలీసులు, రజాకార్లు ఊళ్లమీద పడ్డాక తేటతెల్లమైంది.

ఒక్కణ్ని చంపితే అందరూ అణిగిపోతారనుకున్నారేమో. జనం కట్టుకున్న సంఘం ఊరూరా పాకింది. వెట్టి ఆగింది. దొరల భూములు పంచుకున్నారు. ఎంత ధైర్యం కావాలి దానికి!

1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. పోరాటం మాత్రం 1951 అక్టోబర్ దాకా సాగింది. మనం మొదటి తేదీనే ఎక్కువ తలచుకుంటాం. నాకు రెండోదీ అంతే ముఖ్యం. రాజు లొంగిపోయినా, భారత సైన్యం వెనకే చాలామంది దొరలు మళ్లీ ఊళ్లకు వచ్చారు కదా, పంచుకున్న భూముల కోసం.