తొమ్మిది రంధ్రాల కార్డు: పాత కంప్యూటర్ కార్డులను గుర్తించిన నా అనుభవం

విజయనగరంలో మూతపడిన ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థ తన సామానును కిలోల లెక్కన వదిలించుకుంటున్నప్పుడు, అందులో ఉన్న ఎక్స్‌పాన్షన్ కార్డుల (కంప్యూటర్ లోపలి స్లాట్లలో గుచ్చి అదనపు పనులు చేయించుకునే పలకల) పెట్టెను నేను కొన్నాను. కార్డుల వెంట రావలసిన మాన్యువళ్లు అప్పటికే చిత్తుకాగితాల కింద అమ్ముడుపోయాయి. వస్తువును ఏళ్ల తరబడి దాచి, దాని పుస్తకాన్ని ముందుగా తూకానికి వేసే అలవాటు మన సంస్థలకు ఎలా అబ్బిందో నాకు అర్థం కాదు.

చాలా కార్డులు సులువుగానే తేలిపోయాయి. స్లాట్‌లోకి దిగే అంచు మీద రెండు వైపులా కలిపి 62 పూత పట్టీలే ఉంటే అది 1981 నాటి ఐబీఎం పీసీతో మొదలైన 8 బిట్ల పద్ధతికి, దాని పక్కన 36 పట్టీల ముక్క మరొకటి ఉంటే 1984లో ఐబీఎం పీసీ ఏటీతో వచ్చిన 16 బిట్ల పద్ధతికి చెందుతుంది. మూడు వరుసల్లో 15 రంధ్రాలున్నది తెరకు బొమ్మ పంపే వీజీఏ వీడియో కార్డు. యమహా వైఎం3812 చిప్ ఉన్నది సౌండ్ కార్డు. 1.8432 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ (కార్డుకు గడియారంలా తాళం వేసే భాగం), 16450 చిప్ పక్కపక్కన కనిపించినది మోడెం, మౌస్ వంటివి తగిలించే సీరియల్ పోర్టు కార్డు.

నన్ను తిప్పలు పెట్టినది వెనుక రేకు మీద తొమ్మిది రంధ్రాల సాకెట్ ఒక్కటే ఉన్న పొడవాటి కార్డు. సీరియల్ పోర్టు అయితే రంధ్రాలకు బదులు పిన్నులు ఉంటాయి కనుక అది కాదు. వీజీఏకు ముందు తరాలవైన ఎండీఏ, సీజీఏ, ఈజీఏ, హెర్క్యులిస్ వీడియో కార్డులన్నింటికీ ఇదే సాకెట్. విండోస్‌కు ముందరి డాస్ కాలంలో తెర మీద తెలుగు చూపించిన, ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ వారి జిస్ట్ కార్డేమోనన్న ఆశ కూడా ఒక మూల ఉండేది. చిప్ నంబర్లు చదువుదామంటే, ఆ సంస్థవారు స్టాకు రిజిస్టరు చీటీలను సరిగ్గా పెద్ద చిప్‌ల మీదనే అంటించారు.

శ్రీకాకుళంలో పాత కంప్యూటర్లు బాగుచేసే ఒకాయనకు చూపించాను. ఆయన కార్డును చేతిలోకైనా తీసుకోకుండా, "సీజీఏ కార్డు మాస్టారూ, మా కుర్రాళ్లను అడిగినా చెబుతారు" అన్నాడు, కుర్రాళ్లు నవ్వారు, చూసినందుకు రుసుము కూడా పుచ్చుకున్నాడు. పాతికేళ్లు భౌతికశాస్త్రం చెప్పినవాడిని అందరి ముందు అలా తేల్చిపారేయడం నాకు చాలా కష్టంగా తోచింది.

ఇంటికి వచ్చి లెక్క చూసుకున్నాను. ఎండీఏ, హెర్క్యులిస్ కార్డుల మీద 16.257 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉండాలి, ఇందులో లేదు. సీజీఏ తనకు కావలసిన 14.31818 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని స్లాట్ నుంచే తీసుకుంటుంది కాబట్టి క్రిస్టల్ లేనంత మాత్రాన అది సీజీఏ కాదని చెప్పలేము, కానీ తెరను నడిపే 6845 చిప్ అయినా ఉండాలి కదా. చీటీలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో నానబెట్టి, గట్టిగా రుద్దితే చిప్ మీది అచ్చు కూడా పోతుంది కనుక దూదితో మెల్లగా తీశాను. కింద టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ గుర్తుతో టీఎంఎస్38010, టీఎంఎస్38020, టీఎంఎస్38030 అన్న నంబర్లు బయటపడ్డాయి. అవి టోకెన్ రింగ్ నెట్‌వర్క్ చిప్‌లు. కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్‌లో టోకెన్ అనే వంతు సంకేతం చేతికి వచ్చిన కంప్యూటరు మాత్రమే మాట్లాడే ఆ పద్ధతిలో కార్డు వెనుక కేబుల్‌కు తొమ్మిది రంధ్రాల సాకెట్‌నే వాడారు. ఆయన మాట నమ్మి దానికి మానిటరు తగిలించి ఉంటే ఎంతసేపు కూర్చున్నా తెర వెలిగేది కాదు.

నంబర్లు చదివేవారు ఇంకొకటి గమనించాలి. 8742 వంటి నాలుగంకెలు సాధారణంగా చిప్ తయారైన తేదీని, అంటే 1987లో 42వ వారాన్ని సూచిస్తాయి. 74తో మొదలయ్యేవి మాత్రం చాలావరకు లాజిక్ చిప్‌ల పేర్లే గాని 1974 నాటి తేదీలు కావు.

చిప్ వివరాల పత్రాన్ని అచ్చు వేయించి ఆ దుకాణానికి మళ్లీ వెళ్లాను. ఆయన దాన్ని తిరగేసి, "నెట్‌వర్క్ కార్డని నాకు అప్పుడే అనుమానం వచ్చింది మాస్టారూ" అన్నాడు. పుచ్చుకున్న రుసుము ఊసు మాత్రం ఎత్తలేదు.