ఎన్ని రూపాయల వడ్డీ?

దిల్‌సుఖ్‌నగర్‌లో మేముండే వీధిలో చాలా కుటుంబాల ఆదాయం ఇంచుమించు ఒకటే. ఒకే రకం ఉద్యోగాలు, ఒకే రకం అద్దెలు, పిల్లల స్కూలు ఫీజులూ పెద్ద తేడా లేనివే. అయినా కొన్నేళ్లు గడిచేసరికి ఒక ఇంట్లో నిశ్చింత కనిపిస్తుంది, పక్కింటివారు ప్రతి నెలా ఇరవయ్యో తేదీ దాటగానే చేబదులు కోసం వెతుక్కుంటారు. పెద్ద జబ్బు చేసినా, ఉద్యోగం పోయినా ఎంతటి జాగ్రత్తపరులైనా చితికిపోతారు కాబట్టి అప్పుల్లో ఉన్నవారందరినీ దుబారా మనుషులనడం అన్యాయం. అటువంటి దెబ్బ ఏదీ తగలని ఇళ్ల మధ్య కూడా ఇంత అంతరం ఎందుకు వస్తున్నదో ఆలోచిస్తే, రోజువారీ అలవాట్లే కారణమని, వాటిలో మొదటిది వడ్డీని సరిగా లెక్కకట్టుకోవడమని నాకు బలంగా అనిపిస్తుంది.

మన పెద్దలకు వడ్డీ విషయంలో ఒకే కొలత ఉండేది. నూటికి నెలకు ఎన్ని రూపాయలన్నదే వారి ప్రశ్న. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24 శాతం. మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారని తెలిస్తే ఆ ఇంటికి ఏదో ఆపద వచ్చిందని ఊరంతా అర్థం చేసుకునేది. ఇప్పుడు ఫిక్స్‌డ్ డిపాజిట్ గురించి ఏడాది శాతంలో చెబుతారు, క్రెడిట్ కార్డు గురించి నెల శాతంలో చెబుతారు, ఫోను వాయిదాల మీద కొనేటప్పుడైతే శాతం ఊసే లేకుండా నెలకు కట్టవలసిన మొత్తం ఒక్కటే చూపిస్తారు. మూడూ మూడు భాషల్లో ఉండటం వల్ల ఏది భారమో, ఏది లాభమో పోల్చి చూసే వీలు లేకుండా పోతున్నది.

మా బంధువుల అబ్బాయి ఒకడు మాదాపూర్‌లో మంచి జీతానికి పనిచేస్తున్నాడు. కార్డు బిల్లు 60,000 రూపాయలు వస్తే, కింద రాసి ఉన్న కనీస చెల్లింపు 3,000 కట్టేసి ఆ నెలకు గండం గడిచిందని ఊపిరి పీల్చుకునేవాడు. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు ఫోనులో ఆ బిల్లు తెరిచి, ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే 2,100 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 378. రెండూ కలిపి 2,478. అంటే అతను కట్టిన మూడు వేలలో అసలుకు చేరింది 522 రూపాయలు మాత్రమే. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా కార్డు మీద కొత్తగా కొన్న ప్రతి వస్తువుకూ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. పక్కనే కూర్చున్న అతని తల్లి, "మూడున్నర రూపాయల వడ్డీయా? ఊళ్లో వడ్డీ వ్యాపారి కూడా మన దగ్గర అంత తీసుకోడు కదరా!" అన్నారు. ఆమె చదివింది ఐదో తరగతే అయినా, లెక్క తనకు తెలిసిన కొలతలోకి రాగానే విషయం ఆమెకు క్షణంలో బోధపడింది. ఆ కుర్రవాడు తన పేర ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను మర్నాడే రద్దుచేసి కార్డు బాకీ తీర్చాడు. అర్ధరూపాయి చిల్లర వడ్డీ ఇచ్చే డిపాజిట్‌ను అట్టే ఉంచి, మూడున్నర రూపాయల అప్పును మోయడంలో అర్థం లేదు.

చీటీల విషయంలోనూ ఇదే లెక్క పనికివస్తుంది. ప్రతి నెలా తప్పనిసరిగా కట్టవలసి రావడం వల్లనే మా తరంలో చాలామంది నాలుగు డబ్బులు వెనకేసుకోగలిగారు కాబట్టి చీటీలను నేను తేలికగా చూడను. అయితే లక్ష రూపాయల చీటీని మొదటి నెలల్లోనే ముప్పై వేలు తగ్గించి పాడుకున్నవారు తమ చేతికి వచ్చిన డెబ్బై వేలకు ఎంత వడ్డీ పడుతున్నదో పాటకు ముందే చూసుకోవాలి. చిట్ ఫండ్స్ చట్టం 1982 నుంచి ఉంది. 2019 సవరణతో నిర్వాహకుల కమీషన్ పరిమితి 5 శాతం నుంచి 7 శాతానికి పెరిగింది. చీటీ రిజిస్టరైనదైతే నిర్వాహకులు ఎగవేసినప్పుడు అడగడానికి ఒక కార్యాలయం ఉంటుంది. అపార్టుమెంట్లలో నోటిమాట మీద నడిచే చీటీలకు ఆ ఆసరా లేదు.

రెండో అలవాటు పద్దు రాయడం. 2016లో యూపీఐ వచ్చాక చేతిలోంచి నోటు దాటిపోతున్నప్పుడు కలిగే చిన్న సంకోచం కూడా మాయమైంది. నేను రాత్రి భోజనాలయ్యాక ఫోనులోని చెల్లింపులన్నీ చూసి పుస్తకంలో ఎక్కిస్తాను. సరూర్‌నగర్ రైతు బజారులో టమాటాల దగ్గర ఐదు రూపాయలకు బేరమాడి తెచ్చిన వారం కూరగాయల ఖర్చు కంటే, వంటకు బద్ధకించి రెండు పూటలు బయటినుంచి తెప్పించుకున్న తిండి ఖర్చు ఎక్కువని ఆ పుస్తకమే చూపించింది. జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌కు డబ్బు దానంతటదే వెళ్లిపోయేలా ఏర్పాటు చేసుకున్నది కూడా ఆ పద్దు చూశాకే. నెలాఖరుకు మిగిలితే దాచుదామనుకునే ఇళ్లలో ఏమీ మిగలదు.

ఇక పరువు సంగతి. పెళ్లికి తెచ్చిన అప్పు పెళ్లికూతురికి పిల్లలు పుట్టాక కూడా తీరని ఇళ్లు నాకు తెలుసు. నగల విషయంలోనూ అంతే. మజూరీ, తరుగు, 3 శాతం జీఎస్టీ అన్నీ కట్టి కొన్న నగను తిరిగి అమ్మబోతే బంగారం ధరే చేతికి వస్తుంది. ఇష్టపడి కొనుక్కుంటే తప్పులేదు, పొదుపని చెప్పుకుంటేనే లెక్క తప్పుతుంది. నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకుతో చేసే ఖర్చుకు విరుగుడు ఇంట్లో అందరూ కూర్చుని అంకెలు పైకి చెప్పుకోవడమే. మన ఇళ్లలో జీతమెంతో భార్యకు తెలియదు, అప్పెంతో భర్తకు తెలియదు, పిల్లలకు రెండూ తెలియవు. అంకె తెలియని మనిషిని సర్దుకోమనడం కష్టం.

ఈ గోప్యత వల్ల జరిగే నష్టం మనిషి పోయాక బయటపడుతుంది. పదేళ్లపాటు ఎవరూ అడగని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి వెళ్లిపోతాయి. అటువంటివాటిని వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అనే పోర్టల్‌ను ప్రారంభించవలసి వచ్చింది. అందుకే మా పద్దుల పుస్తకం చివరి పేజీలో ఖాతాలు ఏయే బ్యాంకుల్లో ఉన్నాయి, నామినీ ఎవరు, ఆరోగ్య బీమా కాగితం ఏ బీరువాలో ఉంది అన్నవి రాసి ఉంచాం. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరి డిపాజిట్లకు బీమా 5 లక్షల వరకే కాబట్టి, అంతకు మించినది రెండో బ్యాంకులో వేసి ఆ వివరమూ చేర్చాం. ప్రతి ఉగాదికీ ఆ పేజీని మా అమ్మాయి చదువుతుంది, మారినవి ఆమే దిద్దుతుంది.