అంతరిక్ష కేంద్రంలో బూజు: మందు కంటే ముందు తేమ

శ్రావణంలో ముసురు పట్టిందంటే కోనసీమ ఇళ్లలో బీరువా వెనక గోడకి బూజు పడుతుంది. అక్కడ గాలి ఆడదు, చెమ్మ ఆరదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ బూజు ఇలాంటి చోట్లే పడుతుంది: ప్యానెళ్ల వెనక, చల్లటి గొట్టాల మీద, వ్యాయామం చేశాక తడి బట్టలు ఆరేసే మూలల్లో. పైగా బరువు తెలియని ఆ చోట వేడిగాలి పైకి లేవదు. ఫ్యాన్ గాలి అందకపోతే ఆ మూల గాలి కదలనే కదలదు. నీరు కిందకి జారదు, ఉన్నచోటే అంటుకుని పేరుకుంటుంది. 1990ల చివర్లో రష్యావాళ్ల మీర్ కేంద్రంలో ప్యానెళ్ల వెనక నీటి ముద్దలు తేలుతూ కనిపించాయి. వాటిలో బ్యాక్టీరియా, శిలీంధ్రాలే కాదు, అమీబా జాతి జీవులు కూడా దొరికాయి.

అందుకే మొదటి కాపలా తేమ మీద. గాలిలో చెమ్మని లాగే చల్లటి పలకలకి నీరు పొరలా పరుచుకునే పూత వేస్తారు, అందులో సూక్ష్మజీవులు పెరగకుండా వెండి కలుపుతారు. అయినా ఆ పలకల్ని అప్పుడప్పుడు పూర్తిగా ఆరబెట్టాల్సిందే. షాంపూలు, క్రీముల నుంచి వచ్చే సిలికాన్ ఆవిర్లు ఆ పూతని పాడు చేస్తాయి. అప్పుడు నీరు పొరగా పరుచుకోదు, బొట్లు కట్టి గాలితో పాటు కొట్టుకుపోతుంది.

తుడవడానికి ముందు వాక్యూమ్ పట్టాలి. దుమ్ము నేలకి దిగదు కాబట్టి రాలిన చర్మం పొట్టు, నూలుపోగులు గాలి లోపలికి లాగే జాలీల మీద చేరతాయి. ఆ చెత్త తీయకుండా మందు రుద్దితే, మందు చెత్త మీదే ఖర్చయిపోతుంది.

తుడిచే మందు సూక్ష్మజీవుల్ని చంపే బెంజాల్కోనియం క్లోరైడ్ తరహాది. భీమవరం రొయ్యల రైతుకి బీకేసీ అంటే చాలు. స్పిరిట్ ఎందుకు వద్దంటే, దాని ఆవిరి చెమ్మతో కలిసి తాగునీరు తయారుచేసే యంత్రానికే చేరి దానికి భారమవుతుంది. బ్లీచింగ్ ఘాటు మూసిన గదిలో పీల్చలేం, లోహాన్నీ తినేస్తుంది.

బీకేసీతో చిక్కులూ ఉన్నాయి. నూలు గుడ్డ దాన్ని పీల్చేసుకుంటుంది, సబ్బు మిగిలి ఉంటే పని చెయ్యదు. పెద్ద తప్పు మాత్రం తొందర: ఉపరితలం కొన్ని నిమిషాలు తడిగా ఉండాలి, తుడిచిన వెంటనే పొడి గుడ్డ వెయ్యకూడదు. జిగురు పొర కట్టిన చోట ముందు రుద్ది ఊడదియ్యాలి. వెల్‌క్రో పట్టీలో బూజు దిగితే పట్టీ మార్చడమే మేలు.

నమూనా స్వాబ్‌తో (దూది చుట్టిన పుల్లలాంటి దానితో) తీసి, సూక్ష్మజీవులకి మేతగా పనిచేసే మీడియం మీద కొన్ని రోజులు పెంచి, కాలనీలు, అంటే అవి కట్టిన గుంపులు, లెక్కపెడతారు. పరిమితి 100 చదరపు సెంటీమీటర్లకి బ్యాక్టీరియా 10,000, శిలీంధ్రాలు 100. శిలీంధ్రాల లెక్కే బిగుతు, అదే న్యాయం కూడా: ప్లాస్టిక్‌నీ రబ్బరు సీళ్లనీ పాడుచేసే ఘటాలు వాటిలో ఉన్నాయి. లెక్క దాటితే తుడిచి, మళ్లీ నమూనా తియ్యాలి. రెండోసారీ తగ్గకపోతే మందుతో తడిపిన వైప్‌లు ఇంకో రెండు వాడి లాభం లేదు, ప్యానెల్ విప్పి తడి ఎక్కడుందో వెతకాలి.