సర్కారు బడిలో సీటు: అమ్మానాన్నలకు కొన్ని మాటలు

జూన్ వస్తే చాలు, మా వీధిలో ప్రతి ఇంట్లో స్కూలు టెన్షనే. సర్కారు బడి అంటే ఇంటి పక్కనున్న ఒక్క బడే అనుకుంటారు చాలామంది, కానీ ఆ ఒక్కటే కాదు, జిల్లా పరిషత్ హైస్కూళ్లు, మోడల్ స్కూళ్లు, గురుకులాలు, అమ్మాయిల కోసం కస్తూర్బా బాలికా విద్యాలయాలు, ఆ పైన నవోదయ కూడా ఉన్నాయి.

మామూలు సర్కారు బడికి ఎంట్రన్స్ ఉండదు. వలస వెళ్లొచ్చిన కుటుంబాలకు మరీ మరీ చెప్తున్నా, టీసీ ఆలస్యమైందనో, పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదనో ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని చేర్చుకోకుండా వెనక్కి పంపకూడదు, 2009 విద్యాహక్కు చట్టంలోనే ఆ మాట ఉంది. కాగితాలు తర్వాత తెచ్చుకోవచ్చు, ముందు పిల్లని తరగతిలో కూర్చోబెట్టండి!

నవోదయ సంగతి వేరు. ఆరో తరగతి సీటుకు ఐదో తరగతి చదువుతుండగానే పరీక్ష రాయాలి, అదీ ఒక్కసారే. గ్రామీణ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లెటూరి బడిలోనే పూర్తిగా చదివి ఉండాలి. మంచి చదువని మూడో తరగతిలోనే పిల్లల్ని టౌన్‌కి మార్చేసేవాళ్లకు ఈ విషయం చెప్పేవాళ్లే లేరు, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

ప్రైవేటు బడిలోనే వేయాలనుకునే పేద కుటుంబాలకు అదే చట్టం కింద ఒకటో తరగతిలో 25 శాతం ఉచిత సీట్లున్నాయి. ఆంధ్రాలో వీటికి ఆన్‌లైన్‌లోనే అప్లై చేయాలి, గడువు దాటకుండా చూసుకోండి.