పైఖర్చులు

పదకొండున్నర దాటింది, నిద్ర పట్టట్లేదు. ఇక్కడ మాంట్రియల్లో మా ఇంటి బేస్‌మెంట్ బాగుచేయిస్తున్నాం. కాంట్రాక్టరు 14 వేల డాలర్లన్న అంచనా ఇవాళ పొద్దున 21 వేలకి చేరింది. గోడ విప్పితే లోపల తేమ కనిపించిందట. ఆ మాట విప్పకముందు చెప్పొచ్చుగా, "సరిగ్గా చూసి చెప్పు బాబూ" అని ఎన్నిసార్లు బతిమాలాను! మళ్లీ దానికో పేరు, పైఖర్చులని.

ఆ చిరాకుతోనే మా అమ్మాయి చిట్టిని ఈతకి తీసుకెళ్లాం. వియో మెట్రో స్టేషన్లో దిగి నడుస్తుంటే ఒలింపిక్ స్టేడియం గోపురం ఎప్పటిలాగే మీద పడేట్టు వాలి ఉంది. 165 మీటర్ల ఎత్తు, 45 డిగ్రీల వాలు, దాని అడుగునే ఈత కొలను. నా ముఖం చూసి ఈయన ఓదార్చబోయారు, "దీన్ని కట్టించినవాళ్ల ముందు మన కాంట్రాక్టరు దేవుడే" అని. ఒళ్లు మండింది. పక్కవాడి ఇల్లు తగలబడితే నా చెయ్యి కాలిన మంట తగ్గుతుందా?

కానీ ఆయన అన్నది అబద్ధమేం కాదు. 1976 ఒలింపిక్స్ కోసం కట్టిన ఈ స్టేడియానికి 1970లో వేసిన అంచనా 13.4 కోట్ల డాలర్లు. అప్పు పూర్తిగా తీరేసరికి 2006 వచ్చింది, మొత్తం 161 కోట్లు తేలింది. ముప్పయ్యేళ్లు! అదీ సిగరెట్ల మీద పన్ను వేసి తీర్చారు. అప్పటి మేయర్ జాన్ డ్రాపో గారేమో ఒలింపిక్స్‌కి నష్టం రావడమంటే మగవాడు బిడ్డను కనడమే అని ధీమాగా చెప్పాడు. ఆ తర్వాత ఓ కార్టూనిస్టు ఆయన్ని నిండు కడుపుతో బొమ్మ గీసి వదిలాడు. గుండ్రంగా ఉందని 'బిగ్ ఓ' అని పిలిచేవాళ్లు దీన్ని. ఇంగ్లీషులో బాకీ పడటాన్ని కూడా 'ఓ' అనే పలుకుతారు గనక ఊరంతా ఆ అర్థమే ఖాయం చేసుకుంది.

ఆటల నాటికి గోపురం సగమే లేచింది, కప్పు అసలు లేదు. 1987కి గానీ ఆ రెండూ అమరలేదు. ఆ కప్పు చిరిగిపోతూ ఉంటే 1998లో ఇంకోటి వేశారు, అది తర్వాతి జనవరిలోనే మంచు బరువుకి చిరిగి కింద పనిచేసుకుంటున్నవాళ్ల మీద కూలింది. చివరికి కప్పు మీద 3 సెంటీమీటర్లకి మించి మంచుంటే లోపల ఏ కార్యక్రమమూ పెట్టకూడదన్నారు. మాంట్రియల్లో! మా వాకిట్లో నేను పారతో ఎత్తిపోసేదే అంతకి పదింతలు. ఇప్పుడు 87 కోట్లతో కొత్త కప్పు.

లాస్ ఏంజెలెస్ పక్కన 2020లో తెరిచిన సోఫై స్టేడియానికి 500 కోట్ల డాలర్లు దాటిందంటారు. అది చాలావరకు యజమాని జేబులోంచి వచ్చిన డబ్బు, ఆయనిష్టం. నా బాధంతా ఇక్కడి సిగరెట్లు కాల్చేవాడి గురించి. వాడు కట్టించమన్నాడా?

ఇంతదాకా డ్రాపో మీద కోపంగానే టైప్ చేశాను. ఇక్కడ నాన్న గుర్తొచ్చారు.

తెనాలిలో మా ఇల్లు కట్టేటప్పుడు నాన్న దగ్గర ఒక పొడుగు ఖాతా పుస్తకం ఉండేది. సిమెంటు బస్తాలు ఎన్ని, ఇసుక బండ్లు ఎన్ని, సెంట్రింగ్ చెక్కల అద్దె ఎంత, కూలీల టీలు ఎన్ని, అన్నీ అందులోనే. మొదటి పేజీలో అంచనా 90 వేలు. నాకు తొమ్మిదేళ్లు, రాత్రుళ్లు పక్కన కూర్చుని కూడికలు సరిచూసేదాన్ని, ఎప్పుడూ నాన్న రాసిన మొత్తం కంటే నాకు ఎక్కువే వచ్చేది, "నీకు లెక్కలు రావే" అనేవారు. గృహప్రవేశానికి ముహూర్తం ముందే పెట్టేశారు, కార్డులు పంచేశారు. అంతే, మేస్త్రికి సంగతి అర్థమైపోయింది. శ్లాబు వేసే వారం కూలీలు రారు, వస్తే రేటు పెరుగుతుంది. ఇక్కడా అదే కదా జరిగింది: 1976 జులై 17ని ఎవరూ జరపలేరు, సమ్మెలతో రోజులకి రోజులు పోయాయి, తర్వాత రాత్రీ పగలూ డబ్బు పోసి పరిగెత్తించారు. మా ఇంటికి డాబా మీద పిట్టగోడ ఆరేళ్లు లేదు. గాలిపటం ఎగరేయాలంటే అమ్మ నా నడుముకి చీర కట్టి కొస పట్టుకునేది.

అయినా నాన్న అసలు లెక్క ముందే చెప్పి ఉంటే అమ్మ ఒప్పుకునేదా? ఒప్పుకోకపోతే ఆ ఇల్లు ఉండేదా? డ్రాపో కూడా అలాంటివాడేనేమో, పాపం, అనుకున్నాను. తీరా ఇవాళ చిట్టి ఆ కొలనులో మొదటిసారి ఎవరూ పట్టుకోకుండా ఆ చివరికి ఈదింది కూడా.

కానీ అమ్మ గాజులు? బ్యాంకులో తాకట్టు పెట్టిన నాలుగు గాజులు మళ్లీ ఇంటికి రాలేదు. ఇల్లు కావాలన్నది నాన్న, పేరు నాన్నకి, చేతులు బోసిపోయింది అమ్మకి. ఆవిడే మా ఇంట్లో సిగరెట్ పన్ను కట్టింది. ఇది రాస్తుంటే మళ్లీ ఇద్దరి మీదా కోపం వస్తోంది, నాన్న మీద కొంచెం తక్కువగా.

మా అత్తయ్య గారు 28న దిగుతున్నారని కాంట్రాక్టరుకి మొదటిరోజే టీ ఇస్తూ చెప్పింది మాత్రం నేనే. ఇందాకే మెసేజి పెట్టాడు, సోమవారం తేమ ఆపే షీటు తెస్తాడట, దానికి వేరే 300.