చియాంగ్ మాయ్‌లో మార్చి: కొండ కనిపించని రోజులు

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ పాత ఊరి కందకం గట్టున నిలబడి పడమటికి తిరిగితే దోయ్ సుతేప్ కనిపించాలి. 1,676 మీటర్ల కొండ, ఊరిని ఆనుకునే ఉంటుంది. నేను వెళ్లింది మార్చి రెండో వారంలో. నాలుగు రోజుల పాటు ఆ దిక్కున బూడిదరంగు పొగ తెర తప్ప ఏమీ లేదు. పొద్దున ఏడింటికి సూర్యుడు నారింజ బిళ్లలా ఉన్నాడు, ఆ వెలుగుకి నీడలు కూడా సరిగ్గా పడలేదు. గాలిలో ఎండుటాకులు కాలిన వాసన.

ఊరు పింగ్ నది లోయలో, సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది. రాత్రి నేల చల్లబడగానే చల్లగాలి లోయ అడుగుకి చేరుతుంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగంతా ఆ మూత కిందే. ఎండ ముదిరి నేల కాగాక గాలి పైకీ కిందికీ కలుస్తుంది, అప్పుడు కాస్త పలచబడుతుంది. చల్లగా ఉంటుందని తెల్లవారుజామున నడకకి వెళ్లేవాళ్లు అందుకే ఎక్కువ పొగ పీలుస్తారు. తప్పనిసరిగా బయట తిరగాలంటే మధ్యాహ్నం రెండు నుంచి ఐదు మధ్య మేలు. సరిహద్దు అవతల మయన్మార్ షాన్ కొండల నుంచి పొగ కొట్టుకొచ్చిన రోజున మాత్రం ఈ లెక్క కూడా పనిచేయదు.

పొగ పుట్టేచోటు చూడాలంటే దోయ్ ఇంథనోన్ కొండ దాటి మే చేమ్ అనే ప్రాంతం వైపు వెళ్లాలి. నిటారు వాలుల మీద కోత అయిపోయిన మొక్కజొన్న చేలు, ఎండి నిలబడ్డ చొప్ప, నూర్పిడి చోట బెండ్ల కుప్పలు. ఈ పంట ఎక్కువగా దాణాకి పోతుంది. ఆ వాలు మీద ట్రాక్టర్ తిప్పలేరు. కూలీలతో నరికిస్తే వచ్చే డబ్బు దానికే సరిపోతుంది. వాన లేని నెలల్లో చొప్ప కుళ్లదు కూడా. ఇక మిగిలింది అగ్గిపుల్లే. రైతుని తిట్టిపోయడం నాకు అన్యాయం అనిపిస్తుంది. కాల్చకుండా బతికే దారి చూపకుండా నిషేధం ఒక్కటే పెడితే, నిషేధానికి ముందో తర్వాతో ఒకేసారి కాలుస్తారు.

అడవి మంటలది ఇంకో కథ. ఇక్కడి అడవి ఎండాకాలంలో ఆకు రాలుస్తుంది. కొన్ని ఆకులు మన విస్తరాకంత వెడల్పు, కాలు పెడితే అప్పడంలా విరుగుతాయి. ఊళ్లవాళ్లు వీపుకి బ్లోయర్ తగిలించుకుని రెండు మూడు మీటర్ల వెడల్పున ఆకు ఊడ్చి ఫైర్ లైన్ తీస్తారు. వారం తిరక్కుండా మళ్లీ ఆకు రాలి ఆ గీత మూసుకుపోతుంది. అదీగాక, కాలుతున్న దుంగ వాలు మీద దొర్లితే గీత దాటి కింద కొత్త మంట పెడుతుంది. అందుకే ఒకసారి ఊడ్చి వదిలేస్తే లాభం లేదు, సీజనంతా మనుషులు కాపలా ఉండాలి. ఆ పని చేసేవాళ్లకే అందరికంటే ఎక్కువ పొగ.

ఇక సొంత జాగ్రత్తలు. గాలి ఎంత చెడిందో చెప్పే సూచీ, ఏక్యూఐ అంకె చూసి పోల్చకండి. పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోపలిదాకా పోయే అతి సన్నటి ధూళి, ఘనపు మీటరుకి 75 మైక్రోగ్రాములు ఉంటే అమెరికా లెక్కలో దాదాపు 165, థాయ్ లెక్కలో 200 వస్తుంది. గాలి ఒకటే, అంకెలు రెండు. మైక్రోగ్రాములే చూడండి. 24 గంటలకు థాయ్ పరిమితి 37.5, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15. అంకె 24 గంటల సగటా, ఈ గంటదా అన్నదీ చూసుకోవాలి. ఇప్పుడే దిగిన పొగ సగటులో కనిపించదు.

గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు దండగ. తల వెనక రెండు పట్టీలుండే ఎన్95 కావాలి. ముక్కు దగ్గర తీగ నొక్కి, గట్టిగా ఊదినప్పుడు కళ్ల వైపు గాలి తగిలితే సరిగ్గా కూర్చోలేదన్నమాట. గడ్డం ఉంటే అసలు కూర్చోదు.

గదిలో ఏసీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. దాని జాలీ దుమ్ముని ఆపుతుంది గానీ పొగని ఆపదు. హెపా ఫిల్టరున్న (సన్నటి ధూళిని కూడా పట్టే జల్లెడ) ప్యూరిఫయర్ అడగండి. 20 చదరపు మీటర్ల గది, 2.5 మీటర్ల ఎత్తు అయితే లోపల 50 ఘనపు మీటర్ల గాలి. గంటకి ఐదుసార్లు శుభ్రం కావాలంటే యంత్రం గంటకి 250 ఘనపు మీటర్లు ఇవ్వాలి. చిన్న బల్లమీది యంత్రాలు అంత ఇవ్వలేవు. తలుపు కింద తువ్వాలు దూర్చండి. బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేయండి, అది లోపలి గాలిని బయటికి తోసిన కొద్దీ సందుల్లోంచి పొగ లోపలికి వస్తుంది. పలకల మధ్య వెలుతురు కనిపించే పాత చెక్క ఇళ్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ ఈ నెలల్లో వాటిలో ఏ యంత్రమూ గెలవదు.

పిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు వెంట ఉంటే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ ఊరు పెట్టుకోవద్దు. ఏప్రిల్ 13న మొదలయ్యే సొంగ్‌క్రాన్ నీళ్ల పండక్కే రావాలనుకుంటే, రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇచ్చే టికెట్టే కొనండి. ఒక జల్లు పడితే రెండు రోజులు తెరిపి ఉంటుంది, మళ్లీ పొగ కమ్మవచ్చు. నమ్ముకోదగ్గ వానలు మే నెలలోనే.