సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్, మూడో అటెంప్ట్‌లో జేఆర్‌ఎఫ్: నేను దెబ్బతిన్న టాపిక్ గురించి

ఫ్రెండ్స్, మొన్న సీఎస్‌ఐఆర్ నెట్ (సైన్స్ పరిశోధన ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్, కోసం రాసే జాతీయ పరీక్ష) రిజల్ట్ చూసి అమ్మకు చెప్పబోతే గొంతు రాలేదు. మాది పొదలకూరు దగ్గర పల్లె, నాన్నకు నిమ్మతోట. పార్ట్ ఏ (జనరల్ ఆప్టిట్యూడ్), ఎకాలజీ గురించి చాలామంది రాశారు కాబట్టి నేను ప్రొటీన్ మాడిఫికేషన్ల (ప్రొటీన్‌కు అంటుకునే రసాయన మార్పుల) గురించే రాస్తాను, రెండో అటెంప్ట్‌లో పోయింది అక్కడే.

అప్పుడు పెద్ద చార్టు రాసి గోడకు అంటించాను. ప్రొటీన్‌లోని ఏ అమైనో ఆమ్లం మీద ఏది అంటుకుంటుందో అందులో ఉండేది: ఫాస్ఫేట్ అయితే సెరీన్, థ్రియోనిన్, టైరోసిన్ మీద, మిరిస్టేట్ గ్లైసిన్ మీద, పామిటేట్ సిస్టీన్ మీద, యుబిక్విటిన్ గొలుసు లైసిన్ 48 మీద పెరిగితే ప్రొటీన్‌ను ముక్కలు చేసే ప్రొటియాజోమ్‌కు. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. పార్ట్ సీలో బ్లాట్ (ప్రొటీన్లను బరువును బట్టి బ్యాండ్లుగా, అంటే గీతలుగా, చూపే బొమ్మ; తేలికైతే బ్యాండ్ కిందికి దిగుతుంది) ఇచ్చారు: ప్రొటీన్ మీది చక్కెరలను కోసే ఎంజైము ఎండో హెచ్ వేస్తే ఒక ప్రొటీన్ బ్యాండ్ కిందికి దిగింది, రెండోది దిగలేదు, అలాంటిదే ఇంకో ఎంజైము పీఎన్‌గేజ్ ఎఫ్ వేస్తే రెండూ దిగాయి. ఊహించి పెట్టాను, తప్పయింది. రావాల్సిన 4 మార్కులు పోయి, పైన 1 కోత. కటాఫ్ కొద్దిలో తప్పింది.

ఇంటికొచ్చి నెల రోజులు పుస్తకం తీయలేదు. ఒకరోజు తోటలో కాయలు ఏరుతుంటే నాన్న అడిగాడు, విటమిన్ సి లేకపోతే చిగుళ్ల నుంచి రక్తం ఎందుకు కారుద్దమ్మా అని. కొల్లాజెన్ అనే ప్రొటీన్‌లో ప్రోలిన్ హైడ్రాక్సిలేషన్ (ప్రోలిన్‌కు హైడ్రాక్సిల్ అంటడం) జరగదు నాన్నా అన్నాను. జరక్కపోతే ఏమవుద్ది అన్నాడు. అప్పుడు మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది: ఆ పని చేసే ఎంజైములో ఇనుము ఉంటుంది, దాన్ని పనిచేసే స్థితిలో ఉంచేది విటమిన్ సి, హైడ్రాక్సిల్ పడకపోతే కొల్లాజెన్ మూడు పోగుల పురి ఒంటి వేడికి నిలవదు, చిగుళ్లూ రక్తనాళాలూ బలహీనపడతాయి. చెప్తుండగానే నా తప్పు తెలిసింది, ఏది ఎక్కడ అంటుకుంటుందో బట్టీ పట్టాను గానీ అంటుకోకపోతే ఏం చెడుతుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

చార్టు చించేసి ఒక్క గ్లైకోప్రొటీన్ (చక్కెరలు అంటుకున్న ప్రొటీన్) వెంట నడిచాను. కణంలో అది మొదట చేరే ఈఆర్‌లో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లం మీద 14 చక్కెరల కొమ్మ పడుతుంది, ట్యూనికామైసిన్ అనే మందు ఇస్తే ఆ కొమ్మే తయారుకాదు. తర్వాత ప్రొటీన్ వెళ్లే గాల్జీ మధ్య భాగంలో దాన్ని మార్చేశాక ఎండో హెచ్ ఇక కోయలేదు, పీఎన్‌గేజ్ ఎఫ్ మాత్రం కోస్తుంది. అంటే బ్యాండ్ దిగిన ప్రొటీన్ ఇంకా గాల్జీ మధ్య దాకా రాలేదు, దిగనిది దాటేసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

మిగతాదంతా పాత పేపర్లు, వారానికి రెండు మాక్‌లు, అంతే. హైదరాబాద్ కోచింగ్‌కు పోలేదని చుట్టాలు చాలా అన్నారు. ఇంట్లో డబ్బు లేదు కాబట్టే పోలేదు, బద్ధకంతో కాదు. తెల్లారి నాలుగింటికి లేచి కూర్చోవడం మాత్రం ఏ కోచింగూ మన బదులు చెయ్యదు, ఫోన్ పక్కగదిలో పెట్టండి, నెల కాదు, రెండు నెలలు ఇలా చేసి చూడండి.

ఆ బ్లాట్ నోట్సు ఎవరికైనా కావాలంటే అడగండి, ఫోటో తీసి పెడతాను.